కైసరు చేతి కానుక

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పాత సంఘాల్లో డెబ్బై దాటిన విశ్వాసిని అడిగితే తన మతాన్ని మూడు మాటల్లో చెప్పేస్తాడు. రక్షణ దేవుడి కృప, అందులో మన గొప్పేమీ లేదు. రక్షణ పొందినవాడి బతుకు మారాలి: తాగకూడదు, అబద్ధమాడకూడదు, లంచం ముట్టకూడదు, ఆదివారం గుడి మానకూడదు. ప్రభుత్వాన్ని దేవుడే నియమించాడు కాబట్టి దానికి లోబడాలి, ఏలేవాళ్ల కోసం ప్రార్థించాలి. మొదటి రెండు మాటలూ తడుముకోకుండా చెబుతాడు. మూడోది చెప్పిన వెంటనే మాత్రం మినహాయింపులు మొదలవుతాయి. ఎంతవరకు లోబడాలి, ఏ విషయంలో లోబడకూడదు, కాగితం మీద ఏం రాయాలి, రాసినదానికి దేవుడి దగ్గర ఏం జవాబు చెప్పాలి అంటూ లెక్క చాలా దూరం పోతుంది.

ఆ లెక్క ఎందుకు అంత చిక్కుబడిందో చూడటమే ఈ సమీక్ష పని. బైబిలు అతనికి ఎక్కువగా నేర్పింది కొట్టే ప్రభుత్వం ముందు ఎలా నిలబడాలో. ఫరో, నెబుకద్నెజరు, హేరోదు పేర్లు సండే స్కూలు పిల్లలకూ తెలుసు. సింహాల గుహలో దానియేలు, చెరసాలలో పేతురు కథలు వాళ్లకు కంఠతా వచ్చు. అయితే ఈ సీమ క్రైస్తవుడికి గత నూరేళ్లలో ఎక్కువగా ఎదురైంది ఇచ్చే ప్రభుత్వం. బడికి గ్రాంటు, పిల్లవాడికి స్కాలర్‌షిప్పు, ఇంటికి పట్టా, ఈమధ్య పాస్టరుగారికి గౌరవ వేతనం. కొట్టే చేతికి ఓర్చుకోవడం నేర్చుకున్న విశ్వాసం ఇచ్చే చేతి ముందు తికమకపడింది. ఇక్కడి క్రైస్తవుల నీతికి అసలు పరీక్ష అక్కడే జరిగిందని నా అభిప్రాయం.

ప్రభుత్వాలు మారిన సీమ

మదనపల్లెకు దగ్గర్లోని గుర్రంకొండ కోట కింద బతికినవాళ్లకు ప్రభుత్వాలు శాశ్వతం కావని వేరే చెప్పనక్కర్లేదు. విజయనగరం తర్వాత కడప నవాబులు, మరాఠాలు, హైదర్ అలీ, టిప్పు సుల్తాను ఆ కోట మీద జెండా ఎగరేశారు. 1791లో ఇంగ్లీషు, నిజాం సేనలు దాన్ని ముట్టడించాయి. 1799లో టిప్పు పడిపోయాక సీమ నిజాంకు దక్కింది. మరుసటి ఏడాదే నిజాం దాన్ని దత్తమండలాలతో పాటు ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కడప జిల్లాలో ఉన్న మదనపల్లె తాలూకా 1911లో కొత్త చిత్తూరు జిల్లాలో కలిసింది. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు మారింది. ఏలేవాడు ఎవరైనా శిస్తు తప్పలేదు.

అందుకే ఇక్కడి పాత బోధకులకు మొదటి సమూయేలు ఎనిమిదో అధ్యాయం ఇష్టమైన పాఠం. రాజు కావాలని జనం పట్టుబడితే సమూయేలు హెచ్చరిస్తాడు: మీ కొడుకుల్ని రథాల వెంట పరిగెత్తిస్తాడు, పంటలో పదోవంతు తీసుకుంటాడు, మంచి పొలాలు తనవాళ్లకు పంచుతాడు. రోమా పత్రిక పదమూడో అధ్యాయం లోబడమంటుంది, సమూయేలేమో కళ్లు తెరుచుకుని ఉండమంటాడు. పాత విశ్వాసి రెండింటినీ ఒకే సంచిలో మోశాడు. పైకి విధేయత, లోపల అప్రమత్తత. దీన్ని పిరికితనమనలేం. కోటలు చేతులు మారడం చూసిన సీమలో అది లోకజ్ఞానం.

గుడిలో నేర్చిన పాలన

ఈ ప్రాంతానికి ప్రొటెస్టెంటు మతం తెచ్చింది ఆర్కాట్ మిషన్. స్కడ్డర్ కుటుంబం 1853లో మొదలుపెట్టిన ఆ మిషన్ అమెరికా రిఫార్మ్డ్ చర్చికి చెందింది. 1628లో న్యూయార్కులో డచ్చి వలసదారులు పెట్టుకున్న సంఘం ఆ చర్చికి మొదలు. మదనపల్లెలో దాని ముఖ్యుడు జేకబ్ చాంబర్లిన్. వైద్యుడు, బోధకుడు. 1863లో నిజాం రాజ్యం మీదుగా 1,200 మైళ్ల సువార్త ప్రయాణం చేశాడు. 1873 నుంచి 1894 దాకా తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షత వహించాడు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశాడు.

రిఫార్మ్డ్ చర్చి అంటే కాల్విన్ బాట. కాల్విన్ తన మహాగ్రంథం చివరి అధ్యాయాన్ని ప్రభుత్వానికే కేటాయించాడు. అధికారి దేవుడి సేవకుడు, ప్రజలు లోబడాలి, దేవుడి ఆజ్ఞకు విరుద్ధమైనది చెబితే మాత్రం వినకూడదు అన్నది దాని సారం. ఆ బాటలోనే అబ్రహాం కైపర్ 1880లో ఆమ్‌స్టర్‌డాంలో స్వేచ్ఛా విశ్వవిద్యాలయం ప్రారంభిస్తూ ఇంకో మాట కలిపాడు. కుటుంబం, సంఘం, బడి, ప్రభుత్వం ఒక్కొక్కటీ నేరుగా దేవుడికే జవాబుదారీ, ఒకటి ఇంకొకదాన్ని మింగకూడదు. ఆయనే తర్వాత 1901 నుంచి 1905 దాకా నెదర్లాండ్స్ ప్రధాని అయ్యాడు కాబట్టి ఆ సిద్ధాంతానికి పాలన అనుభవం కూడా తోడైంది.

ఊరి సంఘానికి ఇదంతా పుస్తకాల్లోంచి రాలేదు. సంఘ పెద్దల ఎన్నిక రూపంలో వచ్చింది. రిఫార్మ్డ్ పద్ధతిలో గుడిని నడిపేది సంఘం ఎన్నుకున్న పెద్దలు. ఊరి చావడి అరుగెక్కనివ్వని మాల, మాదిగ కుటుంబాల మనిషి గుడిలో పెద్దగా కూర్చుని కానుకల లెక్క చూశాడు, తప్పు చేసినవాడి మీద తీర్పులో మాట కలిపాడు. ఓటు హక్కు ఇంటికి రాకముందే ఓటు వేయడం నేర్చుకున్నాడు. 1850లో మద్రాసు మిషనరీల సమావేశం కులాన్ని వదిలితేనే సంఘంలో చోటు అని గట్టి వైఖరి తీసుకుంది. ఆర్కాట్ మిషన్ ఆ పక్షానిదే. ఆ మాట అన్నిచోట్లా అమలైందని చెప్పలేం గానీ, ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నె అన్నది ఈ సీమలో చిన్న విషయం కాదు.

అదే మదనపల్లెలో ఇంకో దారి కూడా ఉండేది. అనీ బిసెంట్ 1915లో పెట్టించిన దివ్యజ్ఞాన కళాశాల హోంరూల్ ఉద్యమంలో దిగి మద్రాసు విశ్వవిద్యాలయ గుర్తింపు పోగొట్టుకుంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఊరికి ఒక పక్క సర్కారును ఎదిరించే కాలేజీ, మరో పక్క సర్కారుతో సర్దుకుపోయే మిషన్ కాంపౌండు. మిషన్ బడులకు 1854 నాటి వుడ్స్ డిస్పాచ్ నుంచి గ్రాంట్లు వచ్చేవి. ఇచ్చే ప్రభుత్వంతో పరిచయం అప్పటిది. పాత విశ్వాసి రాజకీయ మౌనానికి భక్తి ఒక్కటే కారణమని సంఘ చరిత్రకారులు రాస్తుంటారు. గ్రాంటు కూడా ఒక కారణమని చేర్చాలి.

సీసా, ఖజానా

నీతి సంగతికి వస్తే, పాత విశ్వాసికి అన్నిటికంటే పెద్ద గీత తాగుడు. బాప్తిస్మానికి ముందు అడిగే ప్రశ్నల్లో అది ఉండేది, ప్రభువు బల్ల నుంచి ఆపే తప్పుల్లోనూ అది ఉండేది. ఈ విషయంలో ప్రభుత్వం ఒకసారి గుడికంటే ముందు నడిచింది. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. మన సీమ దేశంలోని మొట్టమొదటి నిషేధ ప్రాంతాల్లో ఒకటయింది. యుద్ధకాలంలో గవర్నరు పాలనలో దాన్ని ఆపేశారు. స్వాతంత్ర్యం తర్వాత మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్ల మీద తిరగబడ్డారు. ఆ వేడిలో 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. 2019లో దశలవారీ నిషేధమన్నారు, అంగళ్లు ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు అంగళ్లు, 99 రూపాయలకు క్వార్టరు వచ్చాయి.

ఈ వరస చూసినవాడికి రెండు పాఠాలు అందుతాయి. చట్టం నీతికి తోడ్పడగలదు గానీ ఖజానాకు సీసా అవసరమైనంత కాలం ఆ తోడు నిలవదు. సంక్షేమ పథకంగా ఇంటికొచ్చే సొమ్ములో కొంత అదే ఇంటి మగవాడి జేబులోంచి సీసా దారిన పోయిందే. ఇచ్చే చెయ్యి ఎక్కడి నుంచి తెస్తోందో అడగకుండా తీసుకోవడం నీతేనా అన్న ప్రశ్న మన ప్రసంగాల్లో తక్కువ వినిపిస్తుంది. తాగినవాడి మీద పడినంత గద్దింపు, తాగించి ఖజానా నింపుకునే విధానం మీద పడలేదు.

లంచం విషయంలో పాత బోధ స్పష్టంగా ఉంది. లూకా సువార్త మూడో అధ్యాయంలో సుంకరులు, సైనికులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి మేమేం చేయాలని అడుగుతారు. ఉద్యోగం మానమని ఆయన చెప్పడు. నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దంటాడు, జీతంతో తృప్తిపడమంటాడు. జక్కయ్య నాలుగింతలు తిరిగి ఇస్తానంటాడు. అహాబు రాజుకు నాబోతు ద్రాక్షతోట దక్కాలని రాణి యెజెబెలు దొంగ సాక్ష్యాలు పుట్టించిన కథ తెలిసినవాడికి రెవెన్యూ రికార్డుల్లో రాత్రికి రాత్రి పేర్లు మారడం కొత్తగా అనిపించదు. 2024 జులైలో మదనపల్లె సబ్‌కలెక్టరు ఆఫీసులో ఫైళ్లు కాలిపోయి సీఐడీ విచారణ దాకా పోయినప్పుడు, భూమి కాగితం ఎంత ప్రాణప్రదమో రాష్ట్రమంతా మాట్లాడుకుంది.

పెళ్లి విషయంలో మాత్రం పాత నీతిని నిలదీయాలి. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం నిరూపిస్తే చాలు. భార్య అయితే దానికి తోడు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా చూపించాలి. 2001లో పార్లమెంటు సవరించేదాకా ఆ అసమానత కొనసాగింది. విడాకులు పాపమని గట్టిగా చెప్పిన మన పెద్దలు, దెబ్బలు తినే ఆడబిడ్డకు తలుపు మూసిన చట్టాన్ని అన్నేళ్లు ప్రశ్నించలేదు. ఇక్కడ మార్పు గుడికంటే ముందు ప్రభుత్వం నుంచే వచ్చింది. గుడిలోనూ మార్పు వచ్చింది, ఆలస్యంగా. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) తొలి మహిళా బిషప్పుగా ఎగ్గోని పుష్పలలిత 2013లో పక్కనున్న నంద్యాల డయోసిస్‌కు అభిషేకం పొందారు.

ఆరోగ్యవరం పాఠం

విశ్వాసం, ప్రభుత్వం చేతులు కలిపితే ఎంత మేలు జరగగలదో చూపే ఉదాహరణ కూడా ఈ సీమలోనే ఉంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో అనేక మిషన్లు కలిసి పెట్టుకున్న క్షయ శానిటోరియం 1915లో తలుపులు తెరిచింది. మొదటి పెద్ద డాక్టరు డెన్మార్కుకు చెందిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్. తర్వాత ఆ బాధ్యత తీసుకున్న పి.వి. బెంజమిన్ స్వతంత్ర భారతంలో కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ టీకా ఫలితాన్ని కొలిచే పరిశోధన చుట్టుపక్కల ఊళ్లలోనే జరిగింది.

1955లో రాజాజీ బీసీజీని తీవ్రంగా వ్యతిరేకించారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ప్రభుత్వం మూకుమ్మడిగా టీకా వేయడం తగదన్నారు. మద్యం విషయంలో ప్రభుత్వాన్ని ఇంటి లోపలికి పంపిన నాయకుడే టీకా విషయంలో దాన్ని గుమ్మం దగ్గర ఆపమన్నారు. అప్పటి వైద్యలోకంలో ఎక్కువమంది బెంజమిన్ పక్షాన నిలిచారు. అయినా అడగకుండా చేసే మేలు మేలేనా అన్న ప్రశ్న గౌరవించదగ్గదే.

ఈ అనుభవంలో గమనించాల్సింది ఒకటుంది. ఆరోగ్యవరంలో మంచం దొరకడానికి రోగి మతం మార్చుకోనక్కర్లేదు. ప్రభుత్వం సాయం చేస్తే అది రోగికి చేరింది, బోధకుడికి కాదు. రాజ్యాంగం 28వ అధికరణం కూడా ఇదే గీత గీస్తుంది: ప్రభుత్వ నిధులు అందుకునే విద్యాసంస్థలో ఎవరినీ వాళ్ల సమ్మతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదు. అందరికీ చేసే సేవకు ప్రభుత్వ సొమ్ము తీసుకోవడం, తన మత పదవికి తీసుకోవడం రెండూ ఒకటి కావు. మిగిలిన చర్చకంతా ఈ తేడాయే కీలకం.

1949లో వదులుకున్నది, 1950లో పోయినది

తెలుగు నేల మీద ప్రభుత్వ కానుకను సూత్రం కోసం వద్దన్న పెద్దమనిషి దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన ఆయన, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలను వ్యతిరేకించారు. సంఘం తన వాటా లెక్కలు చూసుకునే రాజకీయ కూటమిగా మారిపోతుందన్నది ఆయన భయం. మతమార్పిడి విషయంలో గాంధీతో గట్టిగా విభేదించిన మనిషే, ఇక్కడ జాతీయవాదుల వైపు నిలబడ్డారు.

ఆ ఆలోచనే రాజ్యాంగ సభలో నెగ్గింది. సభ ఉపాధ్యక్షుడు, బెంగాలు క్రైస్తవుడు హెచ్.సి. ముఖర్జీ వంటివారి సమ్మతితో 1949లో మతపరమైన అల్పసంఖ్యాకులకు చట్టసభల్లో కేటాయింపులు ఎత్తేశారు. బదులుగా 25వ అధికరణంలో మతాన్ని నమ్మే, ఆచరించే హక్కుతో పాటు ప్రచారం చేసే హక్కూ నిలిచింది. క్రైస్తవ నాయకులు ఇష్టపూర్వకంగా కానుక వదులుకుని స్వేచ్ఛ తీసుకున్నారు. గర్వించదగ్గ బేరం.

మరుసటి ఏడాది 1950 ఆగస్టు 10న షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వచ్చింది. హిందూమతంలో లేనివారు ఎవరూ షెడ్యూల్డ్ కులస్థులు కారని దాని మూడో పేరా తేల్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. పైవర్గపు క్రైస్తవులు వదులుకున్నది సీట్లు. గుడి వెనక వరసలో కూర్చున్న మాల, మాదిగ విశ్వాసి దగ్గర నుంచి తీసేసింది అతని పుట్టుకతో వచ్చిన గాయానికి ఇవ్వాల్సిన మందు. మొదటిదాన్ని మన సంఘ చరిత్రలు త్యాగమని రాశాయి, రెండోదాన్ని చాలాకాలం పట్టించుకోలేదు.

గుడిలో ఒక పేరు, కాగితంలో ఒక పేరు

ఆ తర్వాత జరిగింది ఈ సీమలో అందరికీ తెలుసు, ఎవరూ వేదిక మీద మాట్లాడరు. బాప్తిస్మంలో పెట్టిన పేరు గుడి రిజిస్టరులో ఉంటుంది. బడిలో, మండలాఫీసులో తాతల నాటి పేరు, హిందువు, షెడ్యూల్డ్ కులం అని ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనగణనలో క్రైస్తవులు 1971లో 4.19 శాతం. 2011లో 1.34 శాతం. అదే నలభై ఏళ్లలో ఊరూరా మందిరాలు పెరగడం కళ్లముందు కనిపించింది. ఈ తేడాకు ఒకటే కారణమని అనలేం గానీ, సర్టిఫికెట్టు అందులో పెద్ద భాగమన్నది కాదనలేని మాట.

ప్రభుత్వం పూర్తిగా తలుపు మూసేయలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డ్ కులాలవారికి బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది. 1977 నాటి జీవో 341 చట్టబద్ధం కాని కొన్ని రాయితీలను వాళ్లకూ వర్తింపజేసింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరా తీసేయమంది. 2022 అక్టోబరులో ఇదే ప్రశ్న మీద కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. కోర్టుల దారి వేరు. 1985లో సూసాయి కేసులో, మతం మారాక కూడా అదే తీవ్రతతో వెనుకబాటు ఉందని రుజువులు చూపాలని సుప్రీంకోర్టు అంది. 2024 నవంబరులో పుదుచ్చేరి కేసులో, క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి అట్రాసిటీ చట్టం రక్షణ కోరలేడని తీర్పిచ్చింది.

ఇక్కడ విశ్వాసం, నీతి, ప్రభుత్వం మూడూ ఒకే కాగితం మీద ఢీకొంటాయి. అబద్ధమాడకూడదన్న నీతిని పాటిస్తే బిడ్డ చదువు దెబ్బతింటుంది. బిడ్డను చదివించాలంటే నోటితో ఒప్పుకున్న ప్రభువును కాగితం మీద దాచాలి. సమర్థించుకునేవాళ్లకు నయమాను కథ ఉంది. సిరియా సేనాపతి నయమాను, రాజుతో పాటు రిమ్మోను గుడిలో వంగక తప్పదు, క్షమిస్తారా అని అడిగితే ఎలీషా అతన్ని సమాధానంగా పొమ్మంటాడు. కాదనేవాళ్లకు మంట దగ్గర చలి కాచుకుంటూ మూడుసార్లు బొంకిన పేతురు ఉన్నాడు. పాత విశ్వాసుల్లో రెండు పక్షాలవాళ్లూ ఉన్నారు, ఒకే కుటుంబంలోనూ ఉన్నారు.

ఎస్సీ హోదా కూడదనేవాళ్ల వాదనలూ వినాలి. క్రైస్తవంలో కులం లేదని చెప్పి, కులం పేరుతో హక్కు అడగడం ఏమిటంటారు. ఉన్న వాటాలోకి ఇంకొందరు వస్తే మాకు తగ్గుతుందని కొన్ని దళిత సంఘాలు అంటాయి. రెండోది న్యాయమైన భయం. వాటా పెంచకుండా పంక్తి పెంచడం అన్యాయమే. మొదటిదానికి జవాబు ఊళ్లోనే ఉంది. మతంలో కులం లేకపోవచ్చు. మతం మారినంత మాత్రాన ఊరు అతన్ని చూసే చూపు మారలేదు. 2008లో జాతీయ మైనారిటీల కమిషన్ కోసం సతీశ్ దేశ్‌పాండే చేసిన అధ్యయనం కూడా దళిత క్రైస్తవులు, ముస్లింల స్థితి మిగతా దళితులకు దగ్గరగానే ఉందని తేల్చింది. నిజం చెప్పినవాడికి శిక్ష వేసి, దాచినవాడికి స్కాలర్‌షిప్పు ఇచ్చే చట్టమే మొదటి దోషి. ఆ అబద్ధంలో సగం భారం ప్రభుత్వానిది.

మూడు దారులు

ఈ చిక్కుకు తెలుగు క్రైస్తవులు మూడు రకాల జవాబులు వెతికారు. మొదటిది లోబడి, సర్దుకుపోయే దారి. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన సీఎస్ఐలో కలిసిన పాత మిషన్ సంఘాల్లో ఎక్కువ భాగానిది ఇదే. దీనివల్ల బడులు, ఆసుపత్రులు నిలిచాయి. 1975 ఎమర్జెన్సీ వచ్చినప్పుడు ఈ దారి బలహీనత బయటపడింది. దేశంలో చాలా సంఘాలు నోరు మెదపలేదు. ఎం.ఎం. థామస్ వంటి కొద్దిమంది వేదాంతులే బహిరంగంగా ఎదురు చెప్పారు.

రెండోది తొలగిపోయే దారి. మిషన్ జీతం వద్దని, విశ్వాసం మీదే బతుకుతామని బక్త్ సింగ్ నడిపిన సహవాసాలు రాయలసీమలోనూ వేళ్లూనాయి. 1938లో ముంగమూరి దేవదాసు లూథరన్ సంఘం విడిచి పెట్టిన బైబిలు మిషన్‌దీ స్వతంత్ర ధోరణే. వీళ్లకు రాజకీయం లోకసంబంధం, ఓటు వేస్తే వేస్తారు గానీ వేదిక ఎక్కరు. ఎవరి సొమ్మూ ముట్టని ఈ నిబ్బరం గొప్పది. పక్కవాడి అన్యాయాన్ని కూడా లోకమని వదిలేయడం దాని లోపం.

మూడోది నిలదీసే దారి. 1981లో బెంగళూరు యునైటెడ్ థియోలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ ప్రసంగంతో దళిత వేదాంతం ఒక రూపు తీసుకుంది. అంతకు చాలా ముందే గుర్రం జాషువా పద్యంలో ఆ పని చేశాడు. ఈ దారికి మన సంఘాల మూలంలోనే ఒక సాక్ష్యం ఉంది. దక్షిణాఫ్రికాలో డచ్చి రిఫార్మ్డ్ సంఘం 1857లో తెల్లవారికి, తెల్లవారు కానివారికి వేరువేరు ఆరాధనలకు ఒప్పుకుంది. కొందరి బలహీనత కోసం ఇచ్చిన వెసులుబాటు అది. అదే వర్ణవివక్షకు వేదాంతంగా ముదిరింది. 1982లో ఆ కుటుంబంలోని తెల్లవారు కానివారి సంఘం బెల్హార్ విశ్వాస ప్రకటన రాసి, మనుషులను విడదీసే బోధ సువార్త కాదని తేల్చింది. మదనపల్లెకు మిషనరీలను పంపిన అమెరికా రిఫార్మ్డ్ చర్చి 2010లో దాన్ని తన ప్రమాణ పత్రాల్లో చేర్చుకుంది. మన సంఘాల తల్లి సంఘం అంగీకరించిన ఆ పత్రం మన సండే స్కూళ్లలో కూడా చదవదగ్గది.

గౌరవ వేతనం

ఇక ఇప్పటి ప్రశ్న. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్చకులు, ఇమాములతో పాటు పాస్టర్లకూ నెలకు 5 వేల గౌరవ వేతనం పెట్టింది. యెరూషలేము యాత్రకు వెళ్లే మూడు లక్షలలోపు ఆదాయంవారికి సాయాన్ని 2019లో 40 వేల నుంచి 60 వేలకు పెంచింది. పల్లె పాస్టరు పేదరికం తెలిసినవారెవరూ ఆ 5 వేలను ఎగతాళి చేయరు. కానుకల పెట్టెలో పది రూపాయల నోట్లు లెక్కపెట్టుకుని బతికే కుటుంబాలవి. మిగతా మతాలకు ఇస్తూ మాకెందుకు వద్దన్న వాదనలోనూ న్యాయం ఉంది.

అయినా ఇది తీసుకోకూడదనే నా అభిప్రాయం. పౌలు డేరాలు కుట్టుకుని బోధించాడు. ఆమోసు గ్రంథం ఏడో అధ్యాయంలో బేతేలు యాజకుడు అమజ్యా, ఇది రాజుగారి గుడి, ఇక్కడ ప్రవచించొద్దని ప్రవక్తను వెళ్లగొడతాడు. రాజు సొమ్ముతో నడిచే గుడిలో రాజుకు నచ్చని మాట పలకదు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదని మన సామెత. ప్రవక్త పనే వాసాలు లెక్కపెట్టడం. పైగా ఈ సొమ్ము ఒక పార్టీ పేరుతో వస్తుంది, ఎన్నికల ముందు గుర్తు చేస్తారు, ప్రభుత్వం మారితే బకాయిల కోసం దరఖాస్తులు పెట్టాలి. సంఘం తన కాపరిని తాను పోషించుకోలేకపోతే డయోసిస్‌లు పెద్ద పట్టణాల కానుకలను పల్లెలకు పంచాలి. అది ఆదిమ సంఘం చేసిన పని.

ఎస్సీ హోదా అడగడం, గౌరవ వేతనం తీసుకోవడం ఒకే గాటన కట్టేవాళ్లు చాలామంది. మొదటిది గాయపడిన పౌరుడికి రావాల్సిన హక్కు. రెండోది మత పదవికి పాలకుడు చూపే దయ. మన నాయకులు హక్కును గుసగుసగా అడుగుతారు, దయను వేదికల మీద శాలువాలతో తీసుకుంటారు. తలకిందులైన ఈ వరసే మన బలహీనత.

మూడు రాష్ట్రాల అంచున

మతమార్పిడి చట్టాల సంగతి కుప్పం నుంచి చూస్తే బాగా అర్థమవుతుంది. ఒక వైపు తమిళనాడు: 2002లో చట్టం తెచ్చి, 2004లో వెనక్కి తీసుకుంది. ఇంకో వైపు కర్ణాటక: 2022లో చట్టం తెచ్చింది, 2023 జూన్‌లో కొత్త ప్రభుత్వం రద్దు చేయాలని నిర్ణయించింది. మన రాష్ట్రంలో సాధారణ నిషేధం లేదు. తిరుమల వంటి పుణ్యక్షేత్రాల్లో ఇతర మతాల ప్రచారాన్ని 2007 చట్టం ఆపుతుంది. బోధించే హక్కు ఉంది గానీ మతం మార్చే హక్కు లేదని 1977లోనే స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తిరుమల చట్టాన్ని తప్పుపట్టాల్సిన పని నాకు కనిపించదు. ఇంకొకరి గుడి వాకిట్లో కరపత్రాలు పంచడం సువార్త కాదు, మర్యాద తప్పడం. డబ్బిచ్చి, భయపెట్టి మార్చడం కూడా పాపమేనని పాత విశ్వాసి ఎప్పుడూ చెప్పాడు. కాకపోతే ప్రలోభం అన్న పదాన్ని ఆసుపత్రి మంచానికి, బడి పుస్తకానికి సాగదీస్తే ఆరోగ్యవరం చరిత్ర మొత్తం నేరమవుతుంది.

ప్రభుత్వాన్ని అడిగేముందు మన ఇల్లు చూసుకోవాలి. విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకు పోవద్దని పౌలు కొరింథీయులకు రాశాడు. సీఎస్ఐ సినడు ఎన్నికల వివాదమే మద్రాసు హైకోర్టు, సుప్రీంకోర్టు మెట్లెక్కింది. గుడిలో ఓటు వేయడం నేర్చుకున్న సంఘం, ఇప్పుడు గుడి ఓట్లు లెక్కపెట్టడానికి జడ్జిలను పిలుస్తోంది. తమ ఆస్తుల లెక్క, ఎన్నికల లెక్క తేటగా చూపించలేని సంఘానికి ప్రభుత్వపు లంచాన్ని ఖండించే నైతిక బలం ఎక్కడిది?

పాత విశ్వాసి మూడు మాటల్లో మొదటి రెండూ నిలబడతాయి. మూడోదానికి కొత్త తరం ఒక పని జోడించాలి. డయోసిస్ స్థాయిలో సంఘాలు మూడో పేరా రద్దు కోసం బహిరంగంగా, వాటా పెంపుతో సహా, మిగతా దళిత సంఘాలతో కలిసి అడగాలి. అదే రోజు గౌరవ వేతనాన్ని తిరిగి ఇచ్చేస్తున్నామని తీర్మానం చేయాలి. రెండూ ఒకే కాగితం మీద ఉంటే, అడిగేది భిక్ష కాదని ప్రభుత్వానికీ తెలుస్తుంది, మన పిల్లలకూ తెలుస్తుంది.